పదకొండో వేలు

తిరువళ్లూరు దాటినాక ఉన్న ఆ కార్ల విడిభాగాల ఫ్యాక్టరీలో శుక్రవారం ఉదయం ట్యాబులకు పూజ జరిగింది.

కొత్త మేనేజరు ఇంద్రసేన స్వయంగా కొబ్బరికాయ కొట్టాడు. ప్రతి ట్యాబుకూ గంధం, కుంకుమ పెట్టించాడు. ఒకదాని తెర మీద రాలిన కుంకుమను తుడవబోతే ఆయన వేలు ఎక్కడో తగిలి, గ్రీజు డబ్బాలకు బదులు బాత్రూము చీపుళ్లకు ఆర్డరు వెళ్లిపోయింది. అందరూ చప్పట్లు కొట్టారు. మిషను పనిచేస్తోందని రుజువైంది కదా.

"కీబోర్డు, మౌసు అంతా ఎద్దులబండి కాలం" అన్నాడు ఇంద్రసేన. "ఇకమీద స్టోర్సులో బల్ల ఉండదు, కుర్చీ ఉండదు. ఎడమచేతిలో ట్యాబు, కుడిచేతి వేలితో టచ్. ర్యాకుల మధ్య నడుస్తానే పని అయిపోవాల. పసిపిల్లోళ్లు కూడా చేస్తారప్పా దీన్ని!"

మద్రాసు హెడ్డాఫీసు నుంచి వచ్చి ఆయనకు వారం కూడా కాలేదు. అయినా ఈ ఫ్యాక్టరీలో ఏమేం పీకెయ్యాలో అప్పుడే తెలిసిపోయింది. మధ్యాహ్నానికల్లా పాత కంప్యూటర్లు షెడ్డు వెనక్కి చేరాయి.

స్టోర్సు చూసేది శశికుమార్. పూండి పక్కన వ్యవసాయం ఇంటి మనిషి. మొదట ఇనుపరేకులను మిషన్లతో అచ్చుల్లో నొక్కే ప్రెస్ షాపులో చేసి, తర్వాత ఇక్కడికి వచ్చాడు. కంప్యూటరు తనంతట తనే నేర్చుకున్నాడు. బల్ల, కుర్చీ పోయాక ట్యాబును ఎడమచేత్తో పట్టుకొని నిలబడ్డాడు. కుడిచేతి చూపుడువేలితో తెరను తాకాడు.

తెర ఉలకలేదు. పలకలేదు.

ఇంకొంచెం గట్టిగా తాకాడు. ఊహూఁ.

ఇంద్రసేన పకపకా నవ్వాడు. "ఎన్నప్పా, మడక దున్నిన చెయ్యా? తోలు మందమైపోయి ఉంటాది. వ్యాసలీను పూసుకో, పో!"

చుట్టూ ఉన్న ట్రైనీలు కూడా నవ్వారు. మేనేజరు నవ్వినప్పుడు నవ్వడం వాళ్ల ట్రైనింగులో మొదటి పాఠం.

శశికుమార్ ట్యాబును ఒక అట్టపెట్టె మీద పెట్టి ఎడమచేత్తో తాకాడు. టక్కున పలికింది.

"ఏయ్! ఎడమచెయ్యా? ఇప్పుడే కదా పూజ చేసినాము?" ఇంద్రసేన ముఖం చిట్లించాడు. "అయినా పెట్టె మీద పెట్టుకునే దానికి ట్యాబు ఎందుకు? చేతిలో ఉండాల. నడుస్తా చెయ్యాల. ఇది హెడ్డాఫీసు రూలు."

"సార్" అన్నాడు శశికుమార్ మెల్లగా. "దీనికి రాసే పేనా మాదిరి ఒకటి దొరుకుతాదంట. అది ఒకటి ఇప్పించినారంటే..."

"స్టైలసా? దేవుడు మనిషికి పది వేళ్లు ఇచ్చినాడు. పదకొండోది కంపెనీ కొనియ్యాల్నా?"

ఆ మాటకు ట్రైనీలు మళ్లీ నవ్వారు. ప్యాకింగులో ఉన్న కుప్పమ్మకు మాత్రం కోపం వచ్చింది. "సార్, అన్నకు..." అంటూ ముందుకొచ్చింది.

శశికుమార్ కళ్లతోనే వద్దన్నాడు. తన తరఫున ఇంకొకరు బతిమాలడం అతనికి గిట్టదు.

"సోమవారం దాకా టైమిస్తా" అన్నాడు ఇంద్రసేన. "అంతలో నేర్చుకో. లేకపోతే వేరే యాడైనా వేస్తా నిన్ను."

ఆదివారమంతా శశికుమార్ తన కూతురు తనుశ్రీ ఫోనును ముందు పెట్టుకొని కూర్చున్నాడు. వేలికి తడిగుడ్డ చుట్టి తాకితే ఒకసారి పలికింది.

"పలికింది నాయనా!" అని ఆ పిల్ల గంతేసింది.

మళ్లీ తాకితే పలకలేదు. గుడ్డ మార్చాడు. నీళ్లు మార్చాడు. భార్య దీపిక అన్నం పెట్టి పిలిస్తే "ఇంకొక్కసారి చూస్తా" అన్నాడు. అన్నం చల్లారింది. ఈ ఉద్యోగం పోతే ఇంకొకరు పిలిచి పని ఇవ్వరని ఇంట్లో ముగ్గురికీ తెలుసు.

సోమవారం ఇంద్రసేన అందరినీ స్టోర్సులో నిలబెట్టాడు. తిరుత్తణి బ్రాంచి వాళ్లకు చూపించడానికని ఒక ట్రైనీ చేత వీడియో కూడా తీయిస్తున్నాడు.

"ఊఁ, కానీ. గ్రీజు డబ్బా బొమ్మ మీద టచ్ చెయ్యి. అంతే."

శశికుమార్ ట్యాబును చంకలో ఇరికించుకొని జేబులోంచి తడిగుడ్డ తీశాడు. వేలికి రుద్దుకున్నాడు. తాకాడు. తెర మెరిసింది, బొమ్మ కదిలింది, మళ్లీ మామూలైపోయింది. మళ్లీ తాకాడు. వేలి నుంచి నీటిచుక్క జారి తెర మీద పడింది. దానికి మాత్రం తెర బాగానే పలికి, ఇంకేదో ఆర్డరు పెట్టింది.

"చాల్చాలు! మళ్లా చీపుళ్లు తెప్పిస్తావా?" అన్నాడు ఇంద్రసేన. శుక్రవారం చీపుళ్లు తెప్పించింది ఎవరో ఆయనకు గుర్తులేదు. మిగతావాళ్లకు గుర్తుంది కాబట్టి తలలు వంచుకున్నారు. "నీలాంటోళ్ల వల్లనే దేశం ముందుకు పోలేదు. నేర్చుకునే బుద్ధి ఉండాలప్పా మనిషికి. సరే, విను. రేపటినుంచి నువ్వు తిరిగి ప్రెస్ షాపుకు పో. అక్కడ ట్యాబూ లేదు, టచ్చూ లేదు. ఉత్త చేతుల పని."

స్టోర్సులో ఎవరూ నవ్వలేదు. కుప్పమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వీడియో తీసే ట్రైనీ ఫోను దించేశాడు.

"ఏం, వినబళ్లేదా? ఇట్లియ్యి" అని ఇంద్రసేన ట్యాబు కోసం చెయ్యి చాపాడు.

శశికుమార్ ట్యాబును పదిలంగా ర్యాకులో పెట్టి, చొక్కా కుడిచేతి గుండీ విప్పి, మోచేతి కింద పట్టీ వదులు చేసి, ఆ ప్రెస్ షాపులోనే మిషను మింగేసిన చేతికి బదులుగా కంపెనీ ఇచ్చిన రబ్బరు చేతిని ఊడదీసి, చాచిన ఆ అరచేతిలో పెట్టాడు.