నల్లా వచ్చిన పూట

"బియ్యం కడిగిన నీళ్లేవి?" అని అడిగింది రూతమ్మ.

కోడలు కృప చేతిలో ఖాళీ గిన్నె ఉంది. మోరీలోకి ఇంకా తెల్లగా జారుతున్న నీళ్లను చూసి రూతమ్మకే అర్థమైంది.

"పారబోసినవా? గిన్నెలు తోమనీకి పనికొస్తయని ఎన్నిసార్లు చెప్పాలె నీకు? సంపు అడుగంటింది. నల్లా మళ్ల ఎప్పుడొస్తదో దేవునికే ఎరుక."

"మర్చిపోయిన అత్తమ్మా."

"మర్చిపోతవ్. అన్నం తినుడు మర్చిపోతవా?"

ఆ మాట కృపకు గుచ్చుకుంది. ఎండలు ముదిరినప్పటి నుంచి ఆ ఇంట్లో ఆమె చెంబు ముట్టుకుంటే చాలు, అత్త కళ్లు ఆ చెంబు వెంటే తిరుగుతున్నాయి. తలకు పోసుకుంటుంటే తలుపు బయట నిలబడి దగ్గుతుంది. మొగుడు మధుతో చెప్పుకుందామంటే అతను పొద్దున్నే సూర్యాపేట నుంచి బస్సెక్కి మిర్యాలగూడ రైస్ మిల్లుకు పోతాడు. ఇల్లు చేరేసరికి మాట్లాడే ఓపిక ఉండదు.

"సరే. పారబోసింది నేనే గద. సంపు అడుగునున్న నీళ్లు నేనే దిగి ఎత్తిస్త," అంటూ కృప కొంగు బిగించింది.

"గంత కోపమేంది? మధు వచ్చినంక దిగుతడు."

"అప్పటిదాక నువ్వు నన్ను బతకనిస్తవా?"

వాకిట్లో సిమెంటు రింగులు దించి కట్టిన సంపు అది. బావిలా లోతు, చేతులు బారచాపలేనంత ఇరుకు. మోటారుకు అందని నీళ్లు అడుగున పాదాలు మునిగేంత మిగిలాయి. కృప పాత వెదురు నిచ్చెన వేసుకుని దిగింది. ఆమె చెంబుతో ముంచి బొక్కెనలో పోస్తుంటే పైనుంచి రూతమ్మ తాడుతో చేదింది.

నీళ్లన్నీ ఎత్తాక కృప పైకి ఎక్కబోయింది. సగం దాకా వచ్చేసరికి నిచ్చెన కర్ర నిలువునా చీలిపోయింది. కృప కింద పడింది.

"దెబ్బ తాకిందా బిడ్డా?"

"కాలు బెణికింది. ఎవరినన్న పిలువు అత్తమ్మా."

సరిగ్గా అప్పుడే వీధిలో ఎవరో నల్లా వచ్చిందని కేక వేశారు. ఆ వెంటే బిందెలు దొర్లిన చప్పుడు, ఇంటింటా మోటార్ల మోత. కృప తల మీద, నల్లా నీళ్లు సంపులో పడే పైపు ముందు గాలి కక్కింది, తర్వాత నీళ్లు కక్కింది. చాలా రోజులకు వచ్చిన నీళ్లు, మంచి జోరు మీద ఉన్నాయి.

"అత్తమ్మా, నీళ్లు బంద్ చెయ్యి."

"దీనికి బంద్ చేసే వాల్వ్ లేదు గదనే."

నీళ్లు ఆపే అవసరం ఆ ఇంట్లో ఒకనాడు వస్తుందని ఎవరూ అనుకోలేదు.

రూతమ్మ తాడు కిందికి వదిలింది. కృప పట్టుకుంది. ముసలామె పళ్లు బిగించి లాగింది కానీ, కృప కాళ్లు నేల విడవలేదు. రెండోసారి లాగితే రూతమ్మే లోపలికి తూలబోయింది. ఆ తర్వాత ఆమె ముఖం సంపు మూతి దగ్గర కనిపించలేదు.

నీళ్లు మోకాళ్ల దాకా వచ్చాయి. కృప కొంగు ఉండచుట్టి పైపులో కుక్కింది. నీళ్లు దాన్ని బయటికి నెట్టేశాయి. అరిచింది. ఆ అరుపు రింగులకు కొట్టుకుని తిరిగి తన చెవిలోనే పడింది.

నడుము దాకా వచ్చాయి. బయట ఎక్కడో దూరంగా అత్త గొంతు వినిపించింది. మాటలు తెలియలేదు. 'బిందె' అన్న ఒక్క మాట మాత్రం తెలిసింది.

కృపకు ఒక్కటే తోచింది. నల్లా వచ్చింది. అత్త బిందెల దగ్గరికి పోయింది.

ఈత రాదు. బెణికిన కాలు నేలకు ఆనడం లేదు. పైన గుండ్రంగా కనిపిస్తున్న ఆకాశం తప్ప ఇంకేమీ లేదు. నిన్న చర్చి కూటంలో అందరితో కలిసి నీళ్లియ్యమని ప్రార్థన చేసింది. ఇప్పుడు అవే చేతులు జోడించి, "ప్రభువా, ఆపు తండ్రీ," అంది.

నీళ్లు మెడను తాకాయి.

పైపు ఒకసారి గురగురలాడింది. ధార సన్నబడింది. చుక్కలయింది. ఆగిపోయింది.

బయట మోటార్లు ఒక్కొక్కటే మూగబోయాయి. తిట్లు మొదలయ్యాయి. కాసేపటికి పరుగెత్తుతున్న అడుగుల చప్పుడు దగ్గరైంది. పక్కింటి జవహర్ తల కనిపించింది. అతను ఇనుప నిచ్చెన దించి, తనూ సగం దాకా దిగి, కృప రెక్క పట్టి పైకి లాగాడు. అతని ముఖం కోపంతో కందిపోయి ఉంది.

"మీ అత్త చేసిన పని మనిషి చేసేదేనా చెల్లే?"

"కాదన్నా," అంది కృప, పళ్లు టకటకలాడుతుంటే. "నన్ను గట్లనే ఇడిచిపెట్టి పోయింది."

జవహర్ ఆమె వంక అదోలా చూశాడు.

కృప కుంటుకుంటూ గేటు దాటింది. ఈ రోజు అత్తను నలుగురిలో అడగవలసిన మాటలన్నీ నోటి దాకా వచ్చి ఉన్నాయి.

వీధి నిండా నీళ్లు. వాగులా పారి మోరీలో కలుస్తున్నాయి. సగం నిండిన బిందెలతో ఆడవాళ్లంతా ఒక్కచోట మూగి అరుస్తున్నారు. "వాడకట్టు నీళ్లన్నీ మట్టిపాలు చేసినవ్ గదనే ముసలిదానా. పైపు మళ్ల ఎన్నడు అతుకుతరో ఏమో. మేమేం తాగాలె?"

కృప వాళ్లను తోసుకుని ముందుకు వెళ్లింది. మోరీ పక్కనుంచి వాడకట్టుకంతా నీళ్లు తెచ్చే పైపు పగిలి, నీళ్లు ఎగజిమ్ముతున్నాయి. ఆ బురదలో రూతమ్మ కూర్చుని ఉంది. ఒళ్లో గడ్డపార. అరచేతులు చిట్లి నెత్తురు కారుతోంది. తిడుతున్న వాళ్లలో ఎవరినీ ఆమె చూడటం లేదు. కోడలు కనిపించగానే మాత్రం గుండెల నిండా ఊపిరి పీల్చుకుంది. ఆ తర్వాతే చుట్టూ ఉన్నవాళ్ల వైపు తలెత్తింది.

"ఇంటింటికి తిరిగి బతిమాలిన. ఒక్కరు నల్లా ఇడిచి రాలే. ఇప్పుడు అందరు వచ్చిండ్రు గద."