మైకులో చెప్పిన పేరు

మా ఆయన ఉమేశ్‌కు మా బాపు అంటే నామోషీనా? పెళ్లయిన ఇరవై ఏళ్లుగా ఈ ప్రశ్న నాలోనే ఉంది.

మొన్న ఆదివారం నాందేడ్‌లో పాత సైకిళ్ల రైడ్ జరిగింది. ఉమేశ్ ధోతీ కట్టి, టోపీ పెట్టి, మా బాపు సైకిలెక్కాడు. బాపు కూలికి పోయిన సైకిల్ అది. నన్ను వెనక కూర్చోబెట్టుకుని బిలోలి బడికి తొక్కిన సైకిల్.

రైడ్ అయ్యాక ఒక్కొక్కరూ తమ సైకిల్ ఎవరిదో మైకులో చెప్పాలి. "హీ మాఝ్యా వడిలాంచీ సాయకల్," అన్నాడు ఉమేశ్ మరాఠీలో. వాళ్ల నాన్నదట! హెడ్మాస్టరుగా చేసిన మా మామగారు ఆ సైకిల్‌ను ఏనాడూ ముట్టలేదు. జనం చప్పట్లు కొట్టారు. ఉమేశ్ నా వైపు చూడలేదు.

అతన్ని అక్కడే వదిలేసి ఇంటికి వచ్చేశాను. బాపు వాకిట్లోనే ఎదురొచ్చాడు.

"ఏం బిడ్డా, అల్లుడు మైకుల ఏమన్నడు?"

ఆ ముఖం చూసి అబద్ధమాడాను. "నీ సైకిలే అన్నడు బాపు. నీ పేరు పెట్టి చెప్పిండు."

"పాగల్ పిలగాడు! కూలోని సైకిల్ అంటే వాని ఇజ్జత్ పోతది, వాళ్ల నాయినదని చెప్పుమని నేనే అన్న గద. అయినా నా పేరే చెప్పిండా?" బాపు కండువాతో కళ్లొత్తుకున్నాడు. "ఇంకోపారి చెప్పు బిడ్డా, ఎట్ల చెప్పిండు?"

మళ్లీ చెప్పాను.

ఉమేశ్ బాపు మాట మన్నించాడా, ఆ మాట తనకు కలిసొచ్చిందా? బాపుకు నిజం చెప్పాలా? ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.