అధ్యక్షుడి గంట

గిరీశూ,

నాలుగేళ్లుగా ఈ మాట కడుపులో పెట్టుకొని ఉన్నాను. మారికుప్పం రైలు ప్రయాణికుల సంఘానికి యాప్ చేసిన రోజు అధ్యక్షుడిగా నా పేరే పెట్టావు. పేరు పడితే అందరి ఫోన్లలో గంట మోగుతుందన్నావు. నా పేరుకు మోగలేదు.

మొన్న ప్లాట్‌ఫారం మీద నిలదీస్తే నవ్వావు.

"యాప్ పుట్టేటప్పుడు పెట్టిన పేరుకు గంట కొట్టదు తాతా. పుట్టినాక పేరు మారిస్తేనే కొట్టేది. ప్రోగ్రాం వరసే అంత."

"అట్లయితే ఒక్క దినం ఇంకొకరి పేరు పెట్టి, మళ్లా నాది పెట్టప్పా" అన్నాను.

పూలమ్మే సౌభాగ్య పేరు చెప్పింది నేనే. పదవికి ఆశపడే మనిషి కాదనుకున్నాను. నా ఫోన్ తీసుకొని నువ్వే పేరు మార్చావు. గంట మోగింది. బోగీ అంతా లేచి ఆమెకు దండం పెట్టింది.

"ఇన్నాళ్లూ మన సంఘానికి అధ్యక్షులే లేరనుకుంటిమి కదమ్మా" అన్నారు, నేను పక్కనే ఉండగా.

పేరు మార్చే అధికారం యాప్‌లో అప్పుడున్న అధ్యక్షులకే ఇచ్చావట. మార్చమ్మా అని సౌభాగ్యను అడిగాను.

"నాకు గంట మోగింది చిన్నప్పన్నా. నీకు ఎప్పుడు మోగింది?" అంటోంది.

ఈ నాలుగేళ్లు నేను అధ్యక్షుడినా, కాదా? ఆదివారంలోగా జవాబు రాయి.

చిన్నప్ప