గడప బయటి పాట

నోహెయా అక్కా,

మన హులా నాట్యబడి మూతపడేలా ఉంది, అందుకే రాస్తున్నాను. నేర్పే అర్హత ఉన్న గురువు కావాలి.

రోజూ పిల్లలు వాకిట్లో నిలబడి, లోపలికి రానిమ్మని పాడుతున్నారు. గురువు పాటతో బదులిస్తేనే కదా గడప దాటేది. ఆ బదులు పాట నాకు వచ్చు, పాడే అనుమతే లేదు. మా ఇంట్లో తొలి డిగ్రీ నాదే అయినా, ఆ గడప దగ్గర అది పనికిరాదు.

“మేం తప్పు పాడామా అక్కా?” అని నిన్న వాళ్ళలో చిన్నది అడిగింది.

లోపల మన గురువమ్మ కుర్చీలోనే ఉన్నారు, కానీ తానే గురువన్న సంగతి మరిచిపోయారు. ఆ పాట వింటూ నావైపు చూసి, “పాపం పిల్లలు! వీళ్ళ గురువు ఇంకా బదులివ్వదేమే?” అంటున్నారు.

ఆవిడ అనుమతి పొందింది నువ్వొక్కదానివే. పిల్లల తల్లులు ఆగస్టు పది దాకా ఆగి, తర్వాత మాన్పిస్తామన్నారు. వస్తావో లేదో ఆలోపు జవాబు రాయి.

నీ కేహౌ,
మొలొకాయి దీవి నుంచి