స్పెయిన్ రాజుగారి దర్బారు

అదిగో, మళ్ళీ మోకాళ్ళ మీద కూలబడ్డాడు! చూడలేక కోటిరత్నం తల తిప్పుకుంది.

ఎనభై ఆరులో మాట. ఆ రోజు బడి వార్షికోత్సవం. సాయంత్రం ఐదింటికే వినుకొండ పక్కనున్న ఆ పల్లె మొత్తం బడి ముందు చేరింది. స్టేజీ మీద స్పెయిన్ రాజు దర్బారు నడుస్తోంది. ‘కొత్త దేశాలు పట్టుకొస్తాను, ఓడలిప్పించండి మహాప్రభో’ అని దేబిరిస్తున్న నావికుడు ఎవరో కాదు, కోటిరత్నం మొగుడు జక్రయ్య. కిరీటం పెట్టుకుని కాలు మీద కాలేసుకున్న రాజు, మాజీ సర్పంచి వెంకటనారాయణ. నిరుడు వీళ్ళ రెండెకరాల మిరపచేను చుట్టూ ముళ్ళకంచె పాతించి, ‘ఇది నాది’ అన్న పెద్దమనిషి. కంచే చేను మేయడమంటే అదే.

ఛీ! చేను మింగినవాడి ముందరా ఈ వేషాలు?

నాటకం రాసింది గురునాథం మాస్టారు. రాజు వేషం అనగానే వెంకటనారాయణ ఎగిరి గంతేశాడు. నావికుడు రాజు కాళ్ళు మొక్కుతాడని విన్నాక, ఆ వేషం జక్రిగాడికే ఇవ్వాలని పట్టుబట్టాడు. చూస్తే ఆ రాజుకి అక్షరం ముక్క రాదు. సర్పంచి అయ్యాక ఆర్నెల్లు కిందామీదా పడి సంతకం నేర్చుకున్నాడు, అంతే ఆయన చదువు. అందుకే మాస్టారు మంత్రి వేషంలో పక్కన నిలబడి, ప్రతి మాటా చెవిలో ఊదాల్సి వస్తోంది.

ఇక ఈ మొగుడు! మిరపకోతల కూలి మానుకుని వినుకొండ పోయి, రాజాజ్ఞ రాయడానికి కాగితం కొనుక్కొచ్చాడు. ‘నోటుబుక్కు కాగితం చాలదా?’ అంటే, ‘రాజుగారి పరువు పోదటే?’ అన్నాడు. చేను పోతే లేని పరువు!

“ప్రభూ!” జక్రయ్య గొంతు ఖంగుమంది. “సముద్రం అవతల బంగారం లాంటి నేల ఉంది. అక్కడి జనానికి నోరు లేదు, చేతిలో కాగితం లేదు. జెండా పాతితే చాలు, మనదే!”

మాస్టారు చెవిలో ఊదాడు.

“భేష్! పాతెయ్!” అన్నాడు రాజు. జనం ఈలలేశారు.

“పాతటం నీకేమన్నా కొత్తా?” కోటిరత్నం పళ్ళు నూరింది.

పక్కనున్న సుబ్బరావమ్మ కిసుక్కున నవ్వింది. “నీ మొగుడు బలే వంగుతున్నాడే!”

జక్రయ్య రాజాజ్ఞ పైభాగం చుట్టి పట్టుకుని, కిందిభాగం చాపాడు. రాజు కిరీటం సర్దుకుని, జనం వంక ఓసారి చూసి, వంకరలు తిప్పుతూ సంతకం గీకాడు. మంత్రులిద్దరూ, అంటే మాస్టారూ, పోస్టుమాస్టరు రంజానూ, తలా ఒక సంతకం పెట్టారు. జక్రయ్య దాన్ని కళ్ళకద్దుకుని, రాజు కాళ్ళు మొక్కాడు.

“లెగరా జక్రిగా!” అన్నాడు వెంకటనారాయణ. ఆ మాట నాటకంలో లేదు. జనం విరగబడి నవ్వారు.

కోటిరత్నానికి ఒళ్ళు మండిపోయింది. తెర పడగానే విసవిసా స్టేజీ వెనక్కి పోయింది.

“సిగ్గుండాలయ్యా మనిషికి! మన చేను తిన్నోడి కాళ్ళు మొక్కుతావా? ఆ రెండెకరాలూ లేకపోతే రేపు పిల్లలకి గంజి ఎవడు పోస్తాడు, నీ స్పెయిను రాజా?”

జక్రయ్య పెట్టుడు గడ్డం పీకి పారేశాడు. చొక్కాలోంచి రాజాజ్ఞ తీసి ఆమె చేతిలో పెట్టాడు.

“ఐదు దాకా చదివావుగా. చదువు.”

‘కొండ కింద నేను కంచె వేసిన రెండెకరాల చేను జక్రయ్యదే, దాని మీద నాకు ఏ హక్కూ లేదు’ అని మాస్టారి గుండ్రటి అక్షరాల్లో రాసి ఉన్న ఆ స్టాంపు కాగితం మీద, ఇద్దరు సాక్షుల సంతకాల పైన, వెంకటనారాయణకు వచ్చిన ఒకే ఒక్క సంతకం ఇంకా తడి ఆరలేదు.