కాళ్ళు చాపుకునే జాగా

తుపాకి పేలింది. కార్ల షోరూం వాచ్‌మన్ మోకాలు పట్టుకుని అద్దాల తలుపు మీదికి ఒరిగాడు. తలుపు భళ్ళున పగిలింది. లోపలున్న సిబ్బంది ఎక్కడివాళ్ళక్కడ టేబుళ్ళ కింద దూరారు.

అన్న ఆ గాజుపెంకులు తొక్కుకుంటూ తమ్ముణ్ణి వాకిట్లోకి లాక్కొచ్చాడు. తమ్ముడి కడుపులో పోలీసు తూటా దిగి పావుగంటయింది. వాళ్ళొచ్చిన బండి వీధి చివర స్తంభానికి గుద్దుకుని పొగలు కక్కుతోంది. తెలిసిన డాక్టరు సరిహద్దుకి అవతల ఉన్నాడు, ఎనిమిది గంటల ప్రయాణం. అక్కడిదాకా తమ్ముడి ప్రాణం నిలవాలి. అన్నకి ఇంకేమీ అక్కర్లేదు.

వాకిట్లో టెస్ట్ డ్రైవ్ బళ్ళు రెండున్నాయి, ఒకటి తెల్లది, ఒకటి ఎర్రది. తాళాలు వాటికే ఉన్నాయి. తెల్లదాని వెనక సీట్లో, తెల్ల చొక్కా మీద టై కట్టుకున్న మనిషి ఒకడు చేతిలో కొలత టేపుతో బిగుసుకుపోయి కూచున్నాడు.

అన్న అతన్ని కాలరు పట్టి బయటికి లాగాడు.

"అయ్యా, నేను..."

తుపాకి మడమ అతని దవడ మీద పడింది. ఒక పన్ను నెత్తురుతో సహా టై మీదికి జారింది.

"అడిగినదానికే నోరు తెరువు. వీడు పడుకోవాలి. ఎనిమిది గంటలు. ఈ రెంట్లో ఏది?"

టై మనిషి నోరు తుడుచుకున్నాడు. తమ్ముణ్ణి తలనించి పాదాల దాకా చూశాడు.

"ఎత్తెంత?"

"ఆరడుగులు."

"అయితే ఎర్రది వద్దండీ."

"ఏం? అదేగా పొడుగ్గా ఉంది?"

"పొడుగు పైకి కనిపించేదే. నడిమి వరస సీట్లు విడివిడిగా ఉంటాయి. మధ్యలో జానెడు సందు. పడుకోబెడితే నడుం అందులోకి దిగుతుంది. వెనక వరస మడిస్తే మెట్టులాగా ఎగుడుదిగుడు."

"డిక్కీలో పడుకోబెడతా."

"చక్రాల మీద పడుకున్నట్టే. రోడ్డు మీద ఎన్ని గుంతలుంటే అన్నీ ఆ గాయంలో దిగుతాయి."

"మరి తెల్లది?"

"వెనక సీటు బల్లలాగా ఒకటే ముక్క. నాలుగున్నర అడుగులు."

"ఆరడుగులవాణ్ణి నాలుగున్నరలో కుక్కుతావురా? నరికేస్తా."

"మోకాళ్ళు మడవాలండీ. కడుపులో గాయానికి అదే మంచిది, బిగువు తగ్గుతుంది. మెత్తదనం చూసి మోసపోకండి. ఎర్రదాని సీటు మెత్తన, గంటలో కుంగిపోతుంది. ఇది గట్టిది, ఒంటిని కదలనివ్వదు."

పుట్టి బుద్ధెరిగాక ఏ అమ్మేవాడూ తనతో ఇంత నిక్కచ్చిగా మాట్లాడలేదనిపించింది అన్నకి.

"అన్నా," తమ్ముడు మూలిగాడు, "బేరమాడకు. తీసేసుకో."

ఇద్దరూ కలిసి అతన్ని సీటు మీద పడుకోబెట్టారు. టై మనిషి రెండు బెల్టులూ అతని చుట్టూ బిగించాడు.

"నేనెక్కడ కూచోను?"

"కింద, డ్రైవరు పక్క సీటు వెనకాల. మోకాళ్ళకి ఇంత జాగా ఇంకే బండిలోనూ లేదు. ఆ సీటు పూర్తిగా ముందుకి జరుపుతాను. గాయం అదిమి పట్టుకోవడానికి వీలుగా ఉంటుంది."

నిజంగానే వీలుగా ఉంది. అన్న ఒక చేత్తో తమ్ముడి కడుపు అదిమాడు. రెండో చెయ్యి ముందు సీట్ల మధ్యనించి చాపి టై మనిషి మెడకి తుపాకి ఆనించాడు.

"నడుపు."

రెండు వీధులు దాటేసరికి పోలీసు మోటారుసైకిలు వెంటపడింది. అన్న వెనక్కి తిరిగి కాల్చాడు. వెనకద్దం పొడిపొడిగా రాలింది. మోటారుసైకిలు పల్టీ కొట్టింది. పోలీసు రోడ్డు మీద దొర్లుకుంటూ పోయి గోడకి తగిలి ఆగాడు, మళ్ళీ కదల్లేదు.

నాలుగు రోడ్ల కూడలి వచ్చింది. సరిహద్దుకి కుడివైపు వెళ్ళాలి. బండి ఎడమవైపు తిరిగింది.

"ఇటెక్కడికిరా?" అన్న తుపాకి మళ్ళీ అతని మెడకి ఆనించాడు.

"ఆసుపత్రికి. ఎనిమిది గంటలు ఏ సీటూ ఇతన్ని బతికించలేదండీ."

"వెనక్కి తిప్పు. మూడు లెక్కపెడతా. తిప్పకపోతే నీ మెదడు అద్దానికి అంటుకుంటుంది."

టై మనిషి ఎడమ చెయ్యి పక్క సీటు అంచుకి వెళ్ళింది. అక్కడున్న బటన్ నొక్కి పట్టుకున్నాడు. సన్నగా మోటారు చప్పుడు. ముందు సీటు తాపీగా వెనక్కి జరగడం మొదలుపెట్టింది.

"ఒకటి," అన్నాడు అన్న. సీటు అతని రొమ్ముకి ఆనింది.

"రెండు..." చాచిన చెయ్యి రెండు సీట్ల మధ్య ఇరుక్కుంది. వీపు వెనక సీటు అంచుకి ఒత్తుకుంది. పక్కటెముక ఒకటి పుటుక్కుమంది. తుపాకి పేలి బండి పైకప్పుకి చిల్లు పడింది.

మూడు అనడానికి అన్న దగ్గర ఊపిరి లేదు. తుపాకి వేళ్ళలోంచి జారిపోయింది.

"తియ్... తియ్యరా..."

"కదలకండి. అది ఇంకో నాలుగంగుళాలు జరుగుతుంది."

తెల్ల బండి ఆసుపత్రి గేటు విరగ్గొట్టుకుని అత్యవసర విభాగం మెట్ల ముందు ఆగింది.

సాయంత్రానికి తమ్ముడి ఆపరేషను అయింది. "ఇంకో పది నిమిషాలైతే దక్కేవాడు కాదు," అని డాక్టరు చెప్పాడు. మంచానికి బేడీలతో కట్టేసిన అన్న ఆ మాట విని, విరిగిన పక్కటెముకల నొప్పితో ఏడవలేక ఏడ్చాడు.

ఇన్‌స్పెక్టరు షోరూం మేనేజర్ని వెంటబెట్టుకుని వార్డులోకి వచ్చాడు. కిటికీ అవతల వరండాలో టై మనిషి దవడకి మంచుగడ్డ అద్దుకుంటూ కూచుని ఉన్నాడు.

"మీ సేల్స్‌మన్ మామూలు ఘటం కాదండీ," అన్నాడు ఇన్‌స్పెక్టరు. "ముందు ఆయన జీతం పెంచండి."

మేనేజరు కిటికీలోంచి తొంగి చూసి తల పట్టుకున్నాడు. "మా సేల్స్‌మన్లు ఇంకా టేబుళ్ళ కిందే ఉన్నారు సార్. ఈయన ఏడు నెలలుగా ప్రతి ఆదివారం వచ్చి, అన్ని బళ్ళలోనూ కూచుని, కొలతలు తీసుకుని, 'మా ఆవిణ్ణి అడిగి చెప్తా' అని వెళ్ళిపోయే కస్టమరు."