ఎడమచేతి గిటార్

ఉమ్మడి నల్గొండ జిల్లాలో బాస్ గిటార్ గురించి నాకు తెలిసినంత ఎవరికీ తెలియదు. కావాలంటే కృష్ణ అవతలి ఒడ్డును కూడా కలుపుకోండి.

ఈ మాట కేతేపల్లి నుంచి నల్గొండ దాకా బండి మీద చెబుతూనే ఉన్నాను. వెనక కూర్చున్నది వెంకటనర్సు పెద్దనాయిన. నా దోస్తు అమరేందర్ తండ్రి. ఆయన నక్రేకల్ దాటాక ఒక్కసారి నోరు విప్పాడు.

"రాంచందరూ, నీ ఎనక జేబుల ఏందిరా? కడుపుల పొడుస్తాంది."

"ఫోన్ చార్జర్ పెద్దనాయినా."

షాపు ఖలీద్‌ది. గోడ నిండా గిటార్లు. పెద్దనాయిన ఒకదాని ముందు ఆగాడు.

"అన్నిటికి ఆరు తీగలున్నయి. గీ బాస్ దానికి నాలుగే ఉన్నయేందిరా?"

"మిగిలిన రెండు ప్యాకెట్ల పెట్టి ఇస్తరు" అన్నాను.

ఖలీద్ నన్ను ఎక్స్‌రే ఫిల్మును చూసినట్టు చూశాడు.

"బాస్‌కు నాలుగే ఉంటయి భాయ్. నువ్వు జర గా స్టూల్ మీద కూసో."

కూర్చున్నాను. జిల్లాస్థాయి పాండిత్యం అక్కడితో సరి.

సంగతేమిటంటే, అమరేందర్ పొద్దున్నుంచి అన్నం ముట్టలేదు. ఆండాళు పెద్దమ్మ డాబా మీద విస్తరి వేసి, కొడుక్కి ఇష్టమైనవన్నీ పెట్టింది. కోడికూర, గారెలు, సేమియా పాయసం, మూత తీసిన కూల్‌డ్రింక్. ముట్టలేదు. మేనమామ దండం పెట్టి, వాడి చెల్లెలు అఖిల చదువు తన బాధ్యత అన్నాడు. ముట్టలేదు. వాడు తినందే ఇంట్లో ఎవరూ తినడానికి లేదు. చుట్టాలంతా కింద కూర్చుని కడుపులు పట్టుకున్నారు. ఒక ముసలాయన వరండా స్తంభాన్ని ఎక్కడ కొరకాలా అని చూస్తున్నాడు.

నేను మాత్రం పొద్దున్నుంచీ డాబా మీదే, వాటర్ ట్యాంకు వెనకే ఉన్నాను. చివరికి నేనే కిందికి దిగి చెప్పాను.

"వాని మనసుల ఏమున్నదో నాకెరుక. బాస్ గిటార్."

డిగ్రీలో చేరినప్పటి నుంచి అడుగుతూనే ఉన్నాడు. అడిగినప్పుడల్లా పెద్దనాయినది ఒకటే జవాబు. "మగ్గం మీద పోగులు తక్కువైనయారా? అవి వాయించు." ఈసారి ఆ మాట అనలేదు. విస్తరి మీద గంప బోర్లించమన్నాడు. తడి తువాలుతోనే బండెక్కాడు.

"వాయించేది ఎవరు చాచా?" అని ఖలీద్ అడిగాడు.

"నా కొడుకు."

"తోల్కొస్తే మంచిగుండు. చేతిల పెట్టి చూడాలె. బరువు, పొడుగు మనిషిని బట్టి ఉంటది."

"వాడు రాడు."

"కుడిచెయ్యా, ఎడమచెయ్యా?"

పెద్దనాయిన తన అరచెయ్యి చూసుకున్నాడు.

"ఎడమ. మాన్పియ్యాలని చిన్నప్పుడు కొట్టిన. మానలే."

ఎడమచేతివి రెండే ఉన్నాయి. ఖలీద్ ఒక్కోదాన్ని కంటికి ఆనించి, మెడ ఎక్కడన్నా వంగిందేమో చూశాడు. అంచు వెంబడి వేలు జరిపి, ఎక్కడా గీసుకోదని చూపించాడు. స్పీకర్ డబ్బాకు తగిలించి లావు తీగ మీటాడు. అద్దాల బీరువా వణికింది. ఆ మోత నా గుండె దాకా వచ్చి తలుపు తట్టింది. లోపల ఎవరూ పలకలేదు.

పెద్దనాయిన డబ్బా మీద చెయ్యి పెట్టాడు. మోత పూర్తిగా ఆగేదాకా తియ్యలేదు. రెండోదానికీ అంతే.

"గిదియ్యి. గిది జల్ది సల్లబడుతలేదు."

"డబ్బా కావాల్నా చాచా? లేకపోతే సౌండ్ సరిగ రాదు."

"అది గూడ కట్టు. సగం తీస్కపోతే అలుగుతడు."

"నచ్చకపోతే ఫికర్ చెయ్యకుండ్రి. వారం లోపల తెండ్రి, మార్చిస్త."

"నచ్చిందో లేదో ఇయ్యాల్నే తెలుస్తది."

కొత్తిమీర కట్ట దగ్గర గంటసేపు బేరమాడే మనిషి. అమ్మే ఆమె విసిగిపోయి దుకాణం ఎత్తేసినా, వెనకే నడిచి బేరమాడే మనిషి. ధర అడగలేదు. నోట్ల కట్ట ఖలీద్ చేతిలో పెట్టి, కావలసినంత తీసుకొమ్మన్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు స్పీకర్ డబ్బా నా ముందు, గిటార్ మా ఇద్దరి మధ్యన కూర్చున్నాయి. ముగ్గురం వస్తున్నట్టే ఉంది. ఆయన దాన్ని రెండు చేతులతో పట్టుకున్నాడు.

డాబా మీద గంప తీశారు. పెద్దనాయిన డబ్బాను, గిటార్‌ను విస్తరి పక్కన, పిట్టగోడకు ఆనించాడు.

"తెచ్చిన బిడ్డా" అన్నాడు. "ఎడమచేతిదే."

మేం చూస్తుంటే తినడని అందరం మెట్ల దగ్గరికి జరిగాం. ఈసారి నేనూ వాళ్లతోపాటే నిలబడ్డాను.

నిమిషం కూడా పట్టలేదు.

"తిన్నడు! నా కొడుకు తిన్నడు!" అంటూ ఆండాళు పెద్దమ్మ మెట్ల మీదే కూలబడింది. చుట్టాలు కళ్లు తుడుచుకున్నారు. తుడుచుకుంటూనే వంటల వైపు నడిచారు. ముసలాయన అందరికన్నా ముందున్నాడు.

పెద్దనాయిన కదల్లేదు. ట్యాంకు వైపు చూశాడు. నన్ను చూశాడు. నా వెనక జేబులో చెయ్యిపెట్టి, రబ్బరు కట్టిన పంగలకర్రను బయటికి లాగాడు.

"నువ్వు ట్యాంకు ఎనక ఉన్నంతసేపు వాడు ముట్టలే. నువ్వు ఈడికి జరగంగనే తిన్నడు. గిది చార్జరారా?"

అబద్ధాలలో కూడా జిల్లాలో నన్ను మించినవాడు లేడు. ఆ పూట ఒక్కటీ దొరకలేదు.

"పొద్దుగాల్నుంచి అమరేందర్ పిండం మీద వాలనీకి వచ్చిన కాకులన్నిటిని గులేరుతోని కొట్టి లేపింది నేనే పెద్దనాయినా."